నార్మల్ అని రాసే ముందు

రేడియాలజీలో చేరిన కొత్తలో ప్రతి పీజీ విద్యార్థికీ ఒక తొందర ఉంటుంది. ఫిల్ము చేతికి రాగానే జబ్బు పేరు చెప్పెయ్యాలి. క్షయో, న్యుమోనియానో, కేన్సరో తేల్చెయ్యాలి. నేను విశాఖపట్నంలో ఎండీ చేస్తున్న రోజుల్లో మా ప్రొఫెసర్ మేడమ్ ఆ తొందరకు మొదటి వారంలోనే అడ్డుకట్ట వేశారు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి వ్యూ బాక్స్ మీద పెట్టి, "జబ్బు సంగతి తర్వాత చూద్దాం. ఇందులో కనబడే ప్రతి గీతా ఏమిటో చెప్పండి" అనేవారు. గుండె, ఊపిరితిత్తులు, పక్కటెముకలు అని మూడు మాటల్లో ముగిస్తే ఒప్పుకునేవారు కారు. "గుండె కుడి అంచు అన్నావు. అది గుండెలో ఏ గదమ్మా?" అని నిలదీసేవారు. కుడి కర్ణిక అని చెబితే, దాని పైన నిటారుగా వెళ్లే అంచు ఏమిటని మళ్లీ ప్రశ్న. అది పై మహాసిర. ఎడమవైపుకి వస్తే పైనుంచి కిందికి నాలుగు వంపులు: బృహద్ధమని, పుపుస ధమని, ఎడమ కర్ణిక తాలూకు చిన్న కొస, అన్నిటికంటే కింద ఎడమ జఠరిక. ఇన్ని చెప్పాక కూడా ఆ ఫిల్ములో మేం పేరు చెప్పలేని గీతలు మిగిలే ఉండేవి.

ఆ ఫిల్ములు చాలావరకు ఏ జబ్బూ లేనివాళ్లవి. ఉద్యోగంలో చేరే ముందు వైద్య పరీక్షకు వచ్చినవాళ్లవి, హెర్నియా ఆపరేషన్‌కి ముందు తీసినవి. మేడమ్ వాటిని ఏరి, కవర్ల మీద వయసు రాసి, బీరువాలో దాచేవారు. జబ్బున్న ఫిల్ములు ఏ ఆసుపత్రిలోనైనా దొరుకుతాయనీ, మంచివాటిని మాత్రం పనిగట్టుకుని కూడబెట్టాలనీ ఆవిడ నమ్మకం.

ఇన్నేళ్లు ఈ పని చేశాక ఆ నమ్మకం నాదీ అయింది. మా వృత్తికి ఆధారం ఆరోగ్యంగా ఉన్న శరీరం చిత్రంలో ఎలా కనిపిస్తుందో తెలిసి ఉండడం. అందులోనూ ఒక్క ఆరోగ్యవంతుడు కాదు. పసిపిల్లలో ఎలా ఉంటుంది, ముసలివాళ్లలో ఎలా ఉంటుంది, సన్నటివాళ్లలో, లావుపాటివాళ్లలో, పుట్టుకతోనే కాస్త వేరుగా ఉన్నవాళ్లలో ఎలా ఉంటుంది అన్నదంతా. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో మేమంతా డిసెక్షన్ హాల్లో అనాటమీ చదివి వచ్చినవాళ్లమే. అక్కడ కాలేయానికి రంగు ఉంది, బరువు ఉంది, చేత్తో ఎత్తి చూడొచ్చు. ఫిల్ము మీద ఆ కాలేయానికి మిగిలేది ఒక బూడిదరంగు. చేత్తో నేర్చుకున్న శరీరాన్ని కంటితో మొదటినుంచీ మళ్లీ నేర్చుకోవాలి.

నీడల లెక్క

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుక్కున్నాడు. ఆ డిసెంబరులో భార్య చేతిని చిత్రం తీస్తే, ఎముకలూ వేలికున్న ఉంగరమూ స్పష్టంగా పడ్డాయి. చర్మం, కండ లీలగా మాత్రమే కనబడ్డాయి. ఎక్స్‌రే స్వభావమంతా ఆ మొదటి చిత్రంలోనే ఉంది. అది సాంద్రతల మధ్య తేడాను మాత్రమే చూపిస్తుంది. గాలి నల్లగా, కొవ్వు కాస్త తక్కువ నల్లగా, నీరూ కండా రక్తమూ అన్నీ ఒకే బూడిదరంగులో, ఎముక తెల్లగా, లోహం ఇంకా తెల్లగా పడతాయి. ఈ అయిదు ఛాయలతోనే ఛాతీ అంతా చదవాలి.

ఇందులోంచి మాకు అన్నం పెట్టే ఒక సూత్రం వచ్చింది. గుండె అంచు మనకు కనబడేది దాని పక్కన గాలితో నిండిన ఊపిరితిత్తి ఉండబట్టే. ఆ చోట ఊపిరితిత్తిలో చీమో నీరో చేరితే రెండు వైపులా ఒకే ఛాయ అవుతుంది, అంచు మాయమవుతుంది. అమెరికన్ రేడియాలజిస్టు బెంజమిన్ ఫెల్సన్ దీన్ని సిల్హూట్ సైన్ పేరుతో 1950లో వివరించి ప్రచారంలోకి తెచ్చాడు. ఏ అంచు పోయిందో చూసి జబ్బు ఏ భాగంలో ఉందో చెప్పవచ్చు. గుండె కుడి అంచు చెరిగిపోతే జబ్బు కుడి ఊపిరితిత్తి మధ్య లోబ్‌లో ఉన్నట్టు. ఎడమ అంచు పోతే ఎడమ పై లోబ్‌లోని లింగ్యులా అనే భాగంలో. డయాఫ్రమ్ గీత పోతే కింది లోబ్‌లో. ఛాయ గుండె మీదుగా కనిపిస్తున్నా గుండె అంచు చెక్కుచెదరకుండా ఉంటే, ఆ జబ్బు గుండెకు వెనకపక్క ఉంది.

దగ్గూ జ్వరంతో వచ్చిన ఒక జూట్ మిల్లు కార్మికుడి ఫిల్ము నాకు ఈ పాఠాన్ని స్థిరపరిచింది. పైకి చూస్తే రెండు ఊపిరితిత్తులూ నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. గుండె కుడి అంచు మాత్రం కింది సగంలో మసకబారింది. పక్కనుంచి మరో ఎక్స్‌రే తీయించాం. మధ్య లోబ్ ఉండాల్సిన చోట తెల్లటి పట్టీ తేటగా కనబడింది. తెల్లమచ్చ కోసం వెతికే కన్ను ఆ మొదటి ఫిల్మును దాటి వెళ్లిపోయేది. అంచులు లెక్కపెట్టుకునే అలవాటు ఉండబట్టి అది ఆగింది.

జబ్బు చూసేముందు చిత్రం ఎలా తీశారో చూడాలి. రెండు కాలర్ ఎముకల లోపలి చివరలూ వెన్నుముల్లుకు సమాన దూరంలో ఉంటే మనిషి సూటిగా నిలబడ్డట్టు. పక్కకు తిరిగి ఉంటే ఒక ఊపిరితిత్తి ఉత్తపుణ్యానికే నల్లగా కనిపిస్తుంది. వెనకవైపు పక్కటెముకలు తొమ్మిదో పదో డయాఫ్రమ్ పైన కనబడితే ఊపిరి నిండుగా పీల్చినట్టు. మంచం మీద పడుకోబెట్టి ముందునుంచి తీస్తే గుండె ఉన్నదానికంటే పెద్దగా పడుతుంది; గుండె వెడల్పు ఛాతీ వెడల్పులో సగం దాటకూడదన్న కొలతను ఆ చిత్రానికి పెట్టకూడదు. ఇవన్నీ చూడకుండా గుండె పెరిగిందని రాస్తే, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆ కాగితం పట్టుకుని గుండె డాక్టర్ల చుట్టూ తిరుగుతాడు.

ముక్కల్లో మనిషి

సీటీ ముందు కూర్చున్న మొదటి వారాల్లో అందరికీ దిక్కు తెలియదు. అడ్డంగా కోసిన ముక్కను రోగి పాదాల దగ్గర నిలబడి పైకి చూస్తున్నట్టు చూడాలి. అందుకే కాలేయం మన ఎడమచేతివైపు, ప్లీహం కుడిచేతివైపు వస్తాయి. ఇలా అడ్డంగా కోసి చూడడం సీటీతో పుట్టిన ఆలోచన కాదు. రష్యన్ సర్జన్ నికొలాయ్ పిరగోవ్ 1850లలోనే గడ్డకట్టించిన మృతదేహాలను అడ్డంగా కోసి అట్లాస్ వేశాడు. బతికున్న మనిషిని కోతపెట్టకుండా అలా చూడడానికి మరో నూరేళ్లకు పైగా పట్టింది. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మార్లీ ఆసుపత్రిలో, గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో మొదటి రోగి తలను స్కాన్ చేశారు. ఆ చిత్రంలో అడ్డంగా 80, నిలువుగా 80 చుక్కలే. ఇవాళ మేం చదివే చిత్రంలో సాధారణంగా 512 చొప్పున ఉంటాయి.

సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది, దానికి హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకు మైనస్ 100 చుట్టుపక్కల, కండకు 40 నుంచి 60, గట్టి ఎముకకు 1000 దాకా, ఇంకా పైకి కూడా. ఇన్ని మెట్ల బూడిదరంగును మనిషి కన్ను విడదీయలేదు. కాబట్టి ఏ అవయవాన్ని చూస్తున్నామో దానికి తగ్గ మేరను మాత్రమే తెరమీద పరుచుకుంటాం, దాన్నే విండో అంటాం. ఊపిరితిత్తులకు 1500 వెడల్పు పెడితే, మెదడుకు 80 చాలు. ఒక స్కాన్‌ను ఒక్క విండోలో చూసి ఊరుకోవడమంటే దాన్ని సగమే చదవడం.

కడుపు సీటీలో క్లోమాన్ని, అంటే పాంక్రియాస్‌ను, వెతికి పట్టుకోవడం కొత్తవాళ్లకు కష్టం. ఒక్కొక్కరిలో ఒక్కో ఆకారం, ఒక్కో ఎత్తు, వయసు పెరిగేకొద్దీ సన్నబడి కొవ్వులో కలిసిపోతుంది. కొత్త ఊళ్లో ఇంటి నంబరు తెలియకపోయినా, రామాలయం వెనక సందులో బావి పక్క ఇల్లంటే చేరుకుంటాం కదా, క్లోమాన్నీ అలాగే చేరుకోవాలి. ప్లీహం దగ్గర మొదలయ్యే సిర క్లోమం వెనకనుంచే పోతుంది. ఆ సిరను పట్టుకుని కుడివైపు నడిస్తే, పేగులనుంచి పైకి వచ్చే పెద్ద సిరతో అది కలిసి కాలేయానికి వెళ్లే పోర్టల్ సిర అవుతుంది. ఆ కలిసే చోటికి ముందున్నది క్లోమం మెడ. పేగులకు రక్తం తీసుకెళ్లే ధమని ఆ సిరకు ఎడమవైపున, చుట్టూ కొవ్వు తొడుగుతో, గుండ్రంగా కనిపిస్తుంది. ఆ ధమనికీ బృహద్ధమనికీ మధ్యనుంచి ఎడమ కిడ్నీ సిర దాటుతుంది, ఇంకాస్త కిందికి దిగితే చిన్నపేగు మొదట్లో ఉండే డుయోడినమ్ తాలూకు మూడో భాగం దాటుతుంది.

ఈ దారులు వచ్చినవాళ్లకు తేడా కూడా దానంతటదే పట్టుబడుతుంది. పచ్చటి వాంతులతో తెచ్చిన ఒక పసిబిడ్డకు అల్ట్రాసౌండ్ చేస్తుంటే, ధమనికి కుడివైపు ఉండాల్సిన సిర ఎడమవైపు ఉంది. పేగులు గర్భంలో తిరగాల్సినట్టు తిరగలేదనడానికి అది గుర్తు. అలాంటి పేగు మెలిపడి రక్తం ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. బేరియం పరీక్షతో ఖాయం చేసుకుని పిల్లల సర్జన్లు ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. రెండు రక్తనాళాలు ఏది ఏ పక్కన ఉండాలన్న చిన్న సంగతి మీద ఆ బిడ్డ వైద్యం నడిచింది.

నేను పీజీలకు మొదటి ఏడాదంతా చెప్పేది ఇదే: అవయవాన్ని ఒక్క ముక్కలో చూసి పేరు చెప్పకండి, పుట్టిన చోటినుంచి ముగిసే చోటిదాకా దాని వెంట నడవండి. పెద్దపేగును మలద్వారం దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి వెళ్లి, అపెండిక్స్ దాకా చేరండి. మూత్రనాళాన్ని కిడ్నీనుంచి మూత్రాశయం దాకా వదలకుండా పట్టుకోండి. మధ్యలో తెల్లటి రాయి కనబడితే అది నాళంలో ఉందా, పక్కనున్న సిరలో గట్టిపడిన సున్నమా అన్నది అలా నడిచినవాళ్లకే తెలుస్తుంది.

రాత్రి వచ్చిన తల సీటీ

పక్షవాతం అనుమానంతో వచ్చే తల సీటీలో మా మీద రెండు బాధ్యతలుంటాయి. మొదటిది రక్తస్రావం లేదని చెప్పడం. తాజా రక్తం తెల్లగా పడుతుంది కాబట్టి అది చాలావరకు తేలికే. రెండోది రక్తనాళం మూసుకుపోయి మెదడు దెబ్బతినడం మొదలైందేమో చూడడం. తొలి గంటల్లో ఆ గుర్తులు అతి సన్నగా ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మెదడులో బూడిదరంగు పదార్థానికీ తెల్ల పదార్థానికీ మధ్య తేడా హౌన్స్‌ఫీల్డ్ లెక్కలో పదికి అటూ ఇటూ మాత్రమే. వాపు మొదలైతే ఆ కాస్త తేడా కూడా చెరిగిపోతుంది.

ఒక రాత్రి డ్యూటీలో అరవై దాటిన పెద్దాయన్ని తీసుకొచ్చారు. భోజనం చేస్తూ మాట పడిపోయింది, కుడిచెయ్యి లేవడం లేదు. సీటీలో రక్తస్రావం లేదు. చూసిన వెంటనే ఏ తేడా లేదనిపించే స్కాన్. విండోను 40కి కుదించి, రెండు వైపులనూ పక్కపక్కన పోల్చుకుంటూ వెళ్లాను. కణత లోపల, మెదడు మడతల అడుగున ఇన్సులా అనే భాగం ఉంటుంది. దాని అంచున బూడిదరంగు రిబ్బను కుడివైపు చక్కగా ఉంది, ఎడమవైపు చెరిగిపోయింది. మెదడు లోతున ఉండే లెంటిఫామ్ కేంద్రకం అంచు కూడా ఎడమవైపు మసక. మాటకూ కుడిచేతికీ సంబంధించిన మెదడు భాగమూ సాధారణంగా ఎడమవైపుదే. లక్షణాలకూ చిత్రానికీ లెక్క సరిపోయింది. రక్తపు గడ్డను కరిగించే మందును మొదటి నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, వాళ్లు ఆ గడువులోపే వచ్చారు. మెడిసిన్ డాక్టర్లు మందు మొదలుపెట్టారు. కొన్ని రోజుల్లో ఆయనకు మాట కొంత తిరిగి వచ్చింది.

ఆ రాత్రి నాకు పనికొచ్చింది ఇన్సులా మామూలుగా ఎలా ఉంటుందో కంటికి అలవాటై ఉండడం. తలనొప్పికి తీసిన, ఏ జబ్బూ తేలని స్కాన్లలో రోజూ ఆ రిబ్బనును చూసి ఉండకపోతే, అది లేకపోవడం కూడా తెలియదు.

ఎదిగే ఎముకలు, చోటు మారిన కిడ్నీలు

పిల్లల ఎముకలు చదవడం వేరే విద్య. మోచేతిలో పుట్టినప్పుడు అంతా మృదులాస్థే, ఎక్స్‌రేకు కనబడదు. తర్వాత ఆరుచోట్ల ఎముక బిందువులు ఒక వరసలో పుడతాయి. కాపిటెల్లం, రేడియస్ తల, లోపలి ఎపికాండైల్, ట్రోక్లియా, ఒలిక్రానాన్, బయటి ఎపికాండైల్. వీటికి ఉజ్జాయింపుగా 1, 3, 5, 7, 9, 11 ఏళ్లు గుర్తుపెట్టుకుంటాం. ఏళ్లు ఒక్కో బిడ్డలో అటూ ఇటూ అవుతాయి, ఆడపిల్లల్లో ముందే వస్తాయి. లోపలి ఎపికాండైల్ తర్వాతే ట్రోక్లియా అన్న వరస మాత్రం నమ్మదగ్గది.

మామిడిచెట్టు మీదనుంచి పడ్డ ఎనిమిదేళ్ల పిల్లాడి మోచెయ్యి ఎక్స్‌రే వచ్చింది. విరిగిన గీత ఎక్కడా లేదు. ట్రోక్లియా ఉండే చోట చిన్న ఎముక బిందువు ఉంది, ఆ వయసుకు అది ఉండొచ్చు. కానీ లోపలి ఎపికాండైల్ చోటు ఖాళీగా ఉంది. వరస ప్రకారం అది ముందే వచ్చి ఉండాలి. అంటే ట్రోక్లియాలా కనబడుతున్నది విరిగి కీలులోకి జారిపోయిన ఎపికాండైలే. బాగున్న చేతికి కూడా ఎక్స్‌రే తీసి పోల్చి చూశాం, సందేహం తీరిపోయింది. ఎముకల సర్జన్ దాన్ని కీలులోంచి తీసి చోట్లో బిగించారు. అది అలాగే ఉండిపోతే ఆ చెయ్యి పూర్తిగా చాపడం, ముడవడం కష్టమయ్యేది.

దీనికి ఎదురుపక్కది కూడా అంతే ముఖ్యం: జబ్బులా కనబడే మామూలు. చీలమండ వెనక ఆస్ ట్రైగోనమ్ అనే విడి ఎముక, మోకాలి వెనక ఫాబెల్లా, రెండు ముక్కలుగా ఉండే మోకాలిచిప్ప. ఇవి తెలియనివాళ్లు వాటిని విరిగిన ముక్కలనుకుంటారు. పెరిగే పిల్లల్లో కాలి చిటికెనవేలి వైపున్న పొడుగు ఎముక మొదట్లో పెరుగుదల గీత ఎముక పొడవునా వెళ్తుంది, విరిగిన గీత సాధారణంగా అడ్డంగా వెళ్తుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే ఒక బిడ్డకు అనవసరపు పిండికట్టు తప్పుతుంది. అమెరికాలో థియొడోర్ కీట్స్ జబ్బులా భ్రమింపజేసే ఇలాంటి మామూలు తేడాలతోనే 1973లో ఒక పెద్ద అట్లాస్ వేశాడు. మా విభాగంలో ఎక్కువగా నలిగిన పుస్తకం అది.

ఒకసారి పాతికేళ్లమ్మాయి ఏడుస్తూ వచ్చింది. ఎక్కడో స్కానింగ్‌లో ఎడమ కిడ్నీ లేదని చెప్పారట, పెళ్లి సంబంధం కూడా ఆగిందన్నారు తల్లి. ప్రోబ్ పెడితే నిజంగానే ఎడమవైపు నడుము దగ్గర కిడ్నీ లేదు. కిడ్నీలు గర్భంలో కటిభాగంలో పుట్టి పైకి ఎక్కుతాయి. పైన కనబడకపోతే అది పుట్టిన చోట వెతకాలి. ప్రోబ్ కిందికి తెస్తే మూత్రాశయం పైన, కాస్త పక్కగా, కిడ్నీ ఉంది. దాని రక్తప్రసరణా బాగుంది. "అమ్మా, మీ పాపకి రెండు కిడ్నీలూ ఉన్నాయి. ఒకటి పైకి ఎక్కలేదంతే" అని చెప్పాను. ఆ సంగతి రిపోర్టులో పెద్ద అక్షరాలతో రాశాను. రేపు ఇంకెవరైనా దాన్ని గడ్డ అనుకుని కత్తి పెట్టకుండా ఉండాలంటే అది కాగితం మీద ఉండాలి.

మన నేల మీది గుర్తులు

ఆంధ్ర, తెలంగాణల్లో పనిచేసే రేడియాలజిస్టుకు మామూలు తెలియడం ఇంకో విధంగానూ అవసరం. అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల నుంచి ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పత్రికలో వివరాలు వచ్చాయి. తర్వాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. ఆ జబ్బుకు ముంజేతి ఎక్స్‌రే మంచి సాక్ష్యం. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఒక పలుచటి పొర ఉంటుంది, అది ఎక్స్‌రేలో కనబడదు. కనబడకపోవడమే మామూలు. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లలో ఆ పొర ఎముకగా గట్టిపడి, ఎముక అంచునుంచి పక్కకు పొడుచుకొచ్చిన తెల్లటి గట్టులా పడుతుంది. వెన్నుపూసలు సుద్దలా తెల్లబడతాయి. వాటిని పట్టి ఉంచే బంధనాలు గట్టిపడి వెన్నుపాము దారి ఇరుకవుతుంది, కాళ్లలో బలం తగ్గుతుంది.

శ్రీకాకుళం వైపు పనిచేసినప్పుడు ఉద్దానం నుంచి కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే కూలీలు స్కానింగ్‌కి వచ్చేవారు. కారణం తేలని కిడ్నీ జబ్బు అక్కడ ఎన్నో ఇళ్లలో ఉంది. పెద్దవాళ్లలో కిడ్నీ పొడవు మామూలుగా 9 నుంచి 12 సెంటీమీటర్లు. దాని బయటి భాగం అల్ట్రాసౌండ్‌లో కాలేయంతో సమానంగానో, కాస్త నల్లగానో ఉంటుంది. జబ్బు ముదిరినవాళ్లలో కిడ్నీ కుంచించుకుపోయి, కాలేయం కంటే తెల్లబడి, లోపలి పొరలకూ బయటి పొరకూ తేడా తెలియకుండా పోతుంది. కష్టమల్లా మొదటి దశలోనే. పొట్టిగా, బక్కగా ఉన్న మనిషి కిడ్నీ సహజంగానే చిన్నగా ఉండొచ్చు. 8.8 అన్న కొలత ఒక చిన్నపాటి మనిషికి మామూలు కావచ్చు, మరొకరికి హెచ్చరిక కావచ్చు. మనిషి ఎత్తు చూడకుండా అంకె ఒక్కటే చూసి రాయకూడదని నాకు అక్కడే బాగా తెలిసింది. "నాకూ వచ్చేసిందా డాక్టరమ్మా?" అని అడిగే మనిషికి జవాబు జాగ్రత్తగా చెప్పాలి. క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలతో కలిపి చూసుకుని చెప్పాలి.

చేతిలో పుట్టే చిత్రం

ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారైల్లో చిత్రం మా దగ్గరికి తయారై వస్తుంది. దాని వెనక టెక్నీషియన్ల శ్రమ ఉంది. చెయ్యి సరైన కోణంలో పెట్టించడం, ఊపిరి బిగబట్టించడం, కదలకుండా చూడడం వాళ్ల పని. అనాటమీ బాగా తెలిసిన టెక్నీషియన్ తీసిన ఫిల్ము చదవడం సగం తేలిక. నేను ఎముకల కోణాలు చాలావరకు ఒక సీనియర్ రేడియోగ్రాఫర్ గారి దగ్గరే నేర్చుకున్నాను.

అల్ట్రాసౌండ్‌లో మాత్రం చిత్రం మన చేతిలోనే పుడుతుంది. ప్రోబ్ ఒక వేలెడు వంగితే మరో చిత్రం వస్తుంది. ఎక్కడ ఆనించాలి, ఎటు వంచాలి అన్నది తెలియాలంటే చర్మం కింద ఏమున్నదో ముందే మనసులో ఉండాలి. పిత్తాశయం చూడాలంటే రోగి పరగడుపున రావాలి, తిని వస్తే అది ముడుచుకుపోతుంది. కాలేయంలోని పోర్టల్ సిరల గోడలు తెల్లగా మెరుస్తాయి, కాలేయం నుంచి బయటికి వెళ్లే సిరల గోడలు అంతగా కనబడవు. ఆ తేడా పట్టుకుంటేనే కాలేయాన్ని ఎనిమిది భాగాలుగా విడదీయగలం. ఫ్రెంచ్ సర్జన్ క్లోద్ క్వినో 1950లలో చేసిన ఈ విభజనతోనే ఇప్పటికీ సర్జన్లతో మాట్లాడతాం. ఆరో భాగంలో గడ్డ అంటే ఎక్కడ కొయ్యాలో వాళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు నేర్పే పద్ధతి

మా దగ్గర చేరిన పిల్లలకు నేను మొదట పెట్టే పని, ఏ జబ్బూ లేని ఒక కడుపు సీటీ. రోజుకో అవయవం పట్టుకుని పైనుంచి కిందిదాకా నడవాలి. తర్వాత తెర ఆపేసి కాగితం మీద ఆ ముక్కను బొమ్మ వెయ్యాలి. బొమ్మ ఎంత వంకరగా వచ్చినా పరవాలేదు, పక్కన ఏది ఉందో తప్పకూడదు. మూడో పని, ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లి తాము చదివిన చిత్రం లోపల ఎలా ఉందో సర్జన్ పక్కన నిలబడి చూడడం. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 1994లో ఒక మగమనిషి దేహాన్ని ఒక్కో మిల్లీమీటరు చొప్పున ముక్కలు చేసి తీసిన 1871 చిత్రాలను అందరికీ అందుబాటులో పెట్టింది. సీటీ ముక్క పక్కన ఆ రంగుల ముక్క పెట్టుకుని చూస్తే బూడిదరంగుకు ప్రాణం వస్తుంది.

2019 నుంచి మన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో మొదటి ఏడాది అనాటమీతోనే ఎక్స్‌రేలు చదవడం చేర్చారు. ఇది మంచి మార్పు. కంప్యూటర్ ప్రోగ్రాములూ వచ్చాయి. 15 ఏళ్లు దాటినవాళ్ల ఛాతీ ఎక్స్‌రేల్లో క్షయ వడపోతకు వాటిని వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. రేడియాలజిస్టు లేని మారుమూల కేంద్రాల్లో అవి మేలు చేస్తాయి. అయితే ప్రోగ్రాము చనుమొన నీడకు గీత గీసి గడ్డ అంటే, అది గడ్డ కాదని చెప్పగలిగిన మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి కన్ను మంచి ఫిల్ముల మీదే తయారవుతుంది.

నాకు ఒక కోరిక ఉంది. పిల్లల ఎముకల వయసు చెప్పడానికి మేం ఇప్పటికీ గ్రూలిక్, పైల్‌ల అట్లాస్ తెరుస్తాం. 1950లో వచ్చిన ఆ పుస్తకంలోని మణికట్లు అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, 1930ల్లో, బాగా బతికిన కుటుంబాల పిల్లలవి. అరకులో పుట్టిన బిడ్డ మణికట్టును వాళ్లతో పోల్చి వయసు రాస్తున్నాం. మా మేడమ్ బీరువాలో కూడబెట్టిన పని ఇప్పుడు ప్రతి మెడికల్ కాలేజీ చెయ్యగలదు. వేరే కారణానికి తీసి, ఏ జబ్బూ లేదని తేలిన స్కాన్లు రోజూ మా కంప్యూటర్లలో చేరుతున్నాయి. అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి, వయసు, ఎత్తు, జిల్లా మాత్రం ఉంచి వాటిని పద్ధతిగా పేర్చుకుంటే, ఉద్దానం మనిషికి ఎంత కిడ్నీ మామూలో, మన్యం బిడ్డకు ఏ వయసులో ఏ ఎముక వస్తుందో మన దగ్గరే లెక్క ఉంటుంది. రిపోర్టు చివర నార్మల్ అని రాసి సంతకం పెట్టేటప్పుడు, ఆ మాట మన మనుషులను చూసి నేర్చుకున్నదై ఉండాలి. ఆ పని మొదలుపెట్టడానికి కొత్త యంత్రం ఏదీ అక్కర్లేదు. ఇవాళ వచ్చిన మంచి ఫిల్మును పారెయ్యకుండా, దాని మీద వయసు రాసి దాచిపెట్టే ఒక విభాగం చాలు.